డాక్టర్ హూ ఆడియో నాటకాలు: రివ్యూ రాసేవాళ్లు ఏం వినాలి

1989 డిసెంబరు తర్వాత బీబీసీ టీవీలో డాక్టర్ హూ కొత్త ఎపిసోడ్లు ఆగిపోయాయి. ఆపేస్తున్నామని గట్టిగా ప్రకటించింది కూడా లేదు, మరుసటి ఏడాది రాలేదంతే. 1963 నవంబరు 23న మొదలై ఇరవై ఆరేళ్లు నడిచిన సీరియల్ అది. 1996లో పాల్ మెగాన్ డాక్టర్‌గా ఒక టీవీ సినిమా వచ్చింది గానీ అది సీరియల్‌గా ముందుకు సాగలేదు, మళ్లీ వారం వారం డాక్టర్ టీవీలో కనిపించడానికి 2005 మార్చి 26 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఖాళీలోనే, 1999 జులైలో, బిగ్ ఫినిష్ అనే చిన్న బ్రిటిష్ కంపెనీ బీబీసీ దగ్గర లైసెన్సు తీసుకుని ‘ది సైరెన్స్ ఆఫ్ టైమ్’ అనే ఆడియో నాటకాన్ని విడుదల చేసింది. టీవీలో డాక్టర్లుగా చేసిన పీటర్ డేవిసన్, కాలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్ ముగ్గురూ వచ్చి తమ పాత్రలకు మళ్లీ గొంతు ఇచ్చారు. అలా మొదలై దాదాపు నెలకొకటి చొప్పున వచ్చిన ఆ వరుస 2021 మార్చిలో 275వ నాటకంతో ముగిసింది. ఇవి కాక పక్క వరుసలు, బాక్స్ సెట్లు బోలెడు ఉన్నాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఈ సీరియల్ అసలు తెలియనివాళ్ల కోసం: డాక్టర్ అంటే నీలం రంగు పోలీసు బాక్సులా కనిపించే టార్డిస్ అనే యంత్రంలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే గ్రహాంతరవాసి. చావు దగ్గర పడితే అతని శరీరం, స్వభావం మారిపోయి కొత్త మనిషి అవుతాడు, అందుకే అరవై ఏళ్లలో ఇంతమంది నటులు ఆ పాత్ర వేశారు.

ఇన్ని నాటకాలున్న చోట రివ్యూలు కూడా అన్నే ఉంటాయి. వాటిలో చాలావాటికి ఒకటే జబ్బు. మొదటి సగం కథ చెప్పేస్తాయి, రెండో సగంలో ఈ కథ టీవీలో ఏ ఎపిసోడ్ తర్వాత జరిగింది, ఏ పాత గ్రహం పేరు వినిపించింది, ఏ పాత విలన్ తిరిగొచ్చాడు అనే లెక్క ఉంటుంది, చివర్లో పదికి ఎనిమిది. వినడం ఎలా ఉందన్న మాట మాత్రం ఎక్కడా కనిపించదు. అచ్చులో చదివిన నవల గురించైనా, చూసిన టీవీ ఎపిసోడ్ గురించైనా అవే వాక్యాలు రాసేయొచ్చు. ఆడియో నాటకం మీద రివ్యూ అంటే ముందు చెప్పాల్సింది ఇది వినడానికే పుట్టిన కథా, లేక బొమ్మ తీసేయగా మిగిలిన కథా అన్నది. ఆ ప్రశ్న దాటేస్తే మిగతాదంతా అభిమాన సంఘం హాజరుపట్టీ అవుతుంది.

నిజానికి ఈ సీరియల్‌కు శబ్దం మొదటి నుంచీ ప్రాణం. 1963లో రాన్ గ్రెయినర్ రాసిన టైటిల్ సంగీతాన్ని బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డెలియా డెర్బీషైర్ టేపు ముక్కలు కోసి, అతికించి, ఒక్కో స్వరాన్ని విడిగా తయారుచేసి నిర్మించింది. టార్డిస్ కదిలేటప్పుడు వచ్చే ఆ గురక లాంటి శబ్దం బ్రయన్ హాడ్జ్‌సన్ ఒక పాత పియానో తీగల మీద ఇంటి తాళంచెవితో గీసి పుట్టించినది. డాక్టర్‌కు పాత శత్రువులైన, ఇనుప పెట్టెల్లాంటి కవచాల్లో ఉండే డాలెక్‌ల గొంతు మామూలు నటుడి గొంతే, రింగ్ మాడ్యులేటర్ అనే పరికరం గుండా పోయి అలా గరగరలాడుతుంది. ఆ రోజుల్లో టీవీలో సెట్లు అట్టముక్కల్లా ఊగినా ప్రేక్షకులు వేరే లోకంలో ఉన్నామని నమ్మారంటే అందులో సగం పని ఈ శబ్దాలదే. (మొట్టమొదటి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్ అన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి, ఆ పేరు మన దగ్గర పెద్దగా వినిపించదు.)

ఇంకొకటి ఉంది. 1960ల నాటి ఎపిసోడ్లు చాలావాటిని బీబీసీ టేపులు మళ్లీ వాడుకోవడానికి చెరిపేసింది. బొమ్మ పోయింది, కానీ శబ్దం మాత్రం ప్రతి ఎపిసోడ్‌దీ మిగిలింది, ఎందుకంటే అప్పట్లో కొందరు కుర్రాళ్లు ఇంట్లో టీవీ దగ్గర టేపు రికార్డరు పెట్టి మొత్తం రికార్డు చేసుకున్నారు. తర్వాత బీబీసీ ఆ సౌండ్‌ట్రాకులకు మధ్య మధ్యలో వ్యాఖ్యానం చేర్చి విడుదల చేసింది. మన ఆకాశవాణిలో సినిమా సౌండ్‌ట్రాకును కుదించి, మధ్యలో వ్యాఖ్యాత మాటతో కలిపి వినిపించిన సంక్షిప్త శబ్ద చిత్రం సరిగ్గా ఇదే పద్ధతి. అది విన్న తెలుగువాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది: అక్కడ కథ కళ్ల కోసం తీసింది, వినేటప్పుడు ఎవరో ఒకరు ఖాళీలు పూరించాలి. బిగ్ ఫినిష్ నాటకంలో మామూలుగా వ్యాఖ్యాత ఉండడు. ఖాళీ ఉంటే పాత్రే పూరించాలి, లేదా శబ్దం పూరించాలి, లేదా వినేవాడి ఊహకు వదిలేయాలి. ఈ మూడింటిలో రచయిత దేన్ని ఎంచుకున్నాడన్నదే అసలు చూడాల్సింది.

పాత్రతో పూరించడం అన్నిటికన్నా ప్రమాదకరం. 2001 జనవరిలో వచ్చిన ‘స్టార్మ్ వార్నింగ్’ పాల్ మెగాన్‌కు తొలి ఆడియో నాటకం. అలన్ బార్న్స్ రచన, కథాస్థలం ఆర్101 అనే బ్రిటిష్ ఎయిర్‌షిప్. ఈ ఎయిర్‌షిప్ నిజంగా ఉండేది: 1930 అక్టోబరు 4 సాయంత్రం ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి, అప్పటి అవిభక్త భారతదేశంలోని కరాచీకి బయల్దేరి, మర్నాడు తెల్లవారుజామున ఫ్రాన్స్‌లో బోవె పట్టణం దగ్గర కూలిపోయింది, 54 మందిలో 48 మంది చనిపోయారు. అలాంటి ఓడలోకి డాక్టర్ అడుగుపెట్టడం, అక్కడ కుర్రాడి వేషంలో దొంగతనంగా ఎక్కిన చార్లీ పొలార్డ్ అనే అమ్మాయి అతనికి తగలడం, ఆమె అక్కడే చనిపోవాల్సిన మనిషి కావడం... ఇంత బలమైన ఎత్తుగడ ఉన్నా మొదటి ఎపిసోడ్ మొదలయ్యేది డాక్టర్ టార్డిస్‌లో ఒంటరిగా నిలబడి తనకు కనిపిస్తున్నదాన్నంతా తనకే చెప్పుకోవడంతో. ఎదురుగా ఎవరూ లేని మనిషి ‘అదిగో అక్కడ ఆ జంతువు ఇటు తిరిగింది’ తరహాలో మాట్లాడుతుంటే నమ్మకం సడలిపోతుంది. చార్లీ వచ్చాక, మాట్లాడటానికి మనిషి దొరికాక, నాటకం నిలదొక్కుకుంటుంది. ఈ తేడా రివ్యూలో రాయాలి. ‘ప్రారంభం కాస్త నెమ్మదిగా ఉంది’ అని రాస్తే వేరే అర్థం వస్తుంది, ఎందుకంటే అక్కడ వేగం తక్కువ కాలేదు, వర్ణన డైలాగు వేషం వేసుకుని వచ్చింది.

ఏడాది తర్వాత, 2002 ఫిబ్రవరిలో, అదే జంటతో రాబర్ట్ షియర్‌మన్ రాసిన ‘ది చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’ వింటే ఆ మాధ్యమం మీద పట్టు ఎలా ఉంటుందో తెలుస్తుంది. 1906 నాటి ఇంగ్లండ్‌లో ఒక పెద్ద ఇల్లు, క్రిస్మస్ ముందటి రాత్రి, కింది అంతస్తులో పనివాళ్లు మాత్రమే కనిపిస్తారు. గడియారం గంట కొట్టినప్పుడల్లా ఒకరు చనిపోతారు, మిగతావాళ్లు అదేం పెద్ద విషయం కానట్టు పుడ్డింగ్ గురించి మాట్లాడుకుంటారు. ఆ టిక్ టిక్ చప్పుడు నేపథ్య శబ్దంలా మొదలై క్రమంగా ఒక పాత్రలా మారుతుంది. పైగా అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటిసారి నవ్వు తెప్పించిన వాక్యం మూడోసారి వచ్చేసరికి వెన్నులో చలి పుట్టిస్తుంది. ఎవరూ పట్టించుకోని పనిపిల్ల ఈడిత్ గొంతు ఎంత చిన్నదో, నాటకం బరువంతా చివరికి ఆ గొంతు మీదే పడుతుంది. ఇది తెరమీద తీస్తే ఆ ఇల్లు కనిపిస్తుంది, కనిపించిన ఇల్లు ఒక ఇల్లు మాత్రమే. వినేటప్పుడు మాత్రం గోడ ఎక్కడుందో తెలియదు, అది మన చుట్టూ ఉన్నట్టే ఉంటుంది.

2003 డిసెంబరులో ఆయనే రాసిన ‘స్కెర్ట్‌సో’ ఇంకా ముందుకు వెళ్తుంది. మొత్తం నాటకంలో ఇద్దరే నటులు, మెగాన్, చార్లీగా చేసే ఇండియా ఫిషర్. కళ్లకు ఏమీ కనిపించనంత తెల్లని వెలుగులో డాక్టర్, చార్లీ ఒకరి చేయి ఒకరు పట్టుకుని నడుస్తుంటారు, ఒక్కొక్కటిగా ఇంద్రియాలు పోతుంటాయి, మిగిలేది వినికిడి ఒక్కటే. అంటే వింటున్న మనమూ వాళ్లూ ఒకే స్థితిలో ఉంటాం. ఇది అందరికీ నచ్చదు, కొందరికి ఊపిరాడదు, ఆ ఇబ్బంది సమంజసమే. కానీ దీనికి ‘కథ పెద్దగా లేదు’ అని మార్కులు తగ్గించే రివ్యూలు ఏం కొలుస్తున్నాయో అర్థం కాదు. 2005 సెప్టెంబరు నాటి ‘లైవ్ 34’ అయితే పూర్తిగా ఒక రేడియో స్టేషన్ ప్రసారంలాగే సాగుతుంది. ఎక్కడో ఒక మానవ వలసలో వార్తలు, ఇంటర్వ్యూలు, ప్రత్యక్ష వ్యాఖ్యానం, వాటి మధ్యలోంచి డాక్టర్ ప్రతిపక్ష నాయకుడిగా వినిపిస్తాడు. ప్రభుత్వం అబద్ధం చెబుతోందని ఎవరూ మనకు చెప్పరు, వార్త చదివే గొంతులో వచ్చే తడబాటు చెబుతుంది. 2003 జులై నాటి ‘ఫ్లిప్-ఫ్లాప్’లో రెండు డిస్కులుంటాయి, ఏది ముందు విన్నా కథ కుదురుతుంది. సీడీ అనే వస్తువుతోనే ఆట ఆడిన నాటకం అది, ఇప్పుడు ఫోన్లో వరుసగా ప్లే అయిపోయే రోజుల్లో వినేవాళ్లకు ఆ సంగతి ఎవరైనా చెబితే తప్ప తెలియదు. రివ్యూ చెప్పాలి.

కథా కొనసాగింపు సంగతికొస్తే, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. అరవై ఏళ్ల సీరియల్‌లో జ్ఞాపకం కూడా ముడిసరుకే. తేడా ఎక్కడుందంటే, ఆ జ్ఞాపకం లేనివాడికి నాటకం నిలబడుతుందా లేదా అన్న చోట. 2002 జులైలో మార్క్ ప్లాట్ రాసిన ‘స్పేర్ పార్ట్స్’ తీసుకోండి. శరీర భాగాలన్నీ యంత్రాలుగా మార్చుకుని భావాలు చంపేసుకున్న సైబర్‌మెన్ మొదట ఎలా పుట్టారన్నది కథ. సూర్యుడికి దూరంగా కొట్టుకుపోయిన మొండాస్ అనే గ్రహం, భూమి కింద నగరం, రోగాలతో నీరసించిన జనం, పైకెళ్లి బతకాలంటే శరీరం మార్చుకోక తప్పదన్న పరిస్థితి. ఇక్కడ రాక్షసులెవరూ లేరు, అందరూ బతకాలనే అనుకుంటారు. హార్ట్‌లీ కుటుంబంలో ఇవోన్ అనే అమ్మాయిని తీసుకెళ్తారు, ఆమె సగం మారిన స్థితిలో ఇంటికి తిరిగొస్తుంది, ఆ యంత్రం గొంతులోంచి తన కూతుర్ని తండ్రి గుర్తుపట్టాల్సి వస్తుంది. 1966లో ‘ది టెన్త్ ప్లానెట్’లో సైబర్‌మెన్‌కు పెట్టిన ఆ వింత సాగతీత గొంతే ఇక్కడా వాడారు. టీవీలో అది కాస్త హాస్యంగా ఉంటుంది, ఇక్కడ అదే యాసలో ఒక పిల్ల మాట్లాడితే వినడం కష్టం. 1982లో ఈ డాక్టర్ (పీటర్ డేవిసన్) సహచరుడు ఆడ్రిక్ సైబర్‌మెన్‌తో పోరాటంలోనే చనిపోయాడని తెలిసినవాళ్లకు డాక్టర్, అతని సహచరి నిస్సాల మాటల్లో ఇంకో పొర వినిపిస్తుంది. తెలియనివాళ్లకు ఆ తండ్రీకూతుళ్లు చాలు.

దీని పక్కన 2003 నవంబరు నాటి ‘జాగ్రియస్’ను పెట్టండి. నలభయ్యో వార్షికోత్సవం కోసం, మూడు డిస్కుల నిండా, దాదాపు నాలుగు గంటల నాటకం. డేవిసన్, కాలిన్ బేకర్, మెకాయ్ ముగ్గురూ ఉన్నారు, కానీ వేరే పాత్రల్లో. అప్పటికే చనిపోయిన మూడో డాక్టర్ జాన్ పర్ట్‌వీ గొంతు కూడా ఒక అభిమానుల సినిమా నుంచి తీసి వాడారు. ముందు ‘నెవర్‌ల్యాండ్’ వినకపోతే ఒక్క ముక్క ఎక్కదు, విన్నా సగం దారిలో ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడమే పనైపోతుంది. ఇందులో మెచ్చుకోదగ్గ ఆశయం ఉంది, మెగాన్ నటన కొన్ని చోట్ల అద్భుతం. అయినా ఇది వినేవాడి చెవి కన్నా అభిమాని జ్ఞాపకం మీద ఎక్కువ ఆధారపడిన పని. విడుదలైన ఉత్సాహంలో దానికి మంచి మార్కులు వేసిన రివ్యూలను ఇవాళ చదివితే, అవి నాటకాన్ని కాదు, పండగను మెచ్చుకున్నాయని తెలిసిపోతుంది.

గొంతుల గురించి రాయడం అన్నిటికన్నా కష్టం, అందుకే చాలామంది ‘నటన బాగుంది’తో సరిపెడతారు. కాలిన్ బేకర్ ఉదాహరణ ఒక్కటి చాలు, దీనికి ఎంత చోటివ్వాలో చెప్పడానికి. టీవీలో ఆయన 1984 నుంచి 1986 దాకానే చేశాడు. రంగురంగుల గుడ్డపీలికలు కుట్టినట్టున్న కోటు, అరుపులు, పొగరు, చివరికి ఆయన్ని తీసేశారు కూడా. ఆడియోలో కోటు కనిపించదు. 2000 మార్చిలో ‘ది మేరియన్ కాన్‌స్పిరసీ’లో ఎవలిన్ స్మైథ్ అనే వయసు మళ్లిన చరిత్ర అధ్యాపకురాలు అతనికి తోడుగా వచ్చింది, మ్యాగీ స్టేబుల్స్ ఆ పాత్ర వేసింది. ఎదురు చెప్పే, కోకో తాగే, తప్పు చేస్తే మొహం మీదే అనే మనిషి పక్కన ఆ డాక్టర్ పొగరు మెల్లగా ఆత్మీయతగా మారడం వినిపిస్తుంది. టీవీలో అందరికన్నా అడుగున ఉన్న డాక్టర్ ఆడియో శ్రోతల్లో చాలామందికి ఇష్టమైన డాక్టర్ అయ్యాడంటే కారణం మంచి రచనతో పాటు, ఆ గొంతులో ముందునుంచీ ఉన్నదాన్ని ఎవరో చివరికి వాడుకోవడం.

వయసు ఇంకో చిక్కు. టామ్ బేకర్ పుట్టింది 1934లో, బిగ్ ఫినిష్‌లో ఆయన నాటకాలు 2012 జనవరిలో మొదలయ్యాయి. 1970ల్లోని డాక్టర్‌ను దాదాపు ఎనభై ఏళ్ల గొంతు పలుకుతోంది. గొంతు బరువెక్కింది, ఆ తుంటరితనం మాత్రం అలాగే ఉంది. దీన్ని లోపంగా లెక్కపెట్టాలా వద్దా అన్నది ఒక్కో నాటకంలో ఒక్కోలా తేలుతుంది: మాటల చమత్కారంతో నడిచే కథలో వయసు గుర్తుకే రాదు, పరుగులూ అరుపులూ ఉన్న కథలో వెంటనే తెలిసిపోతుంది. ఇక చనిపోయిన నటుల పాత్రలు. మూడో డాక్టర్‌ను టిమ్ ట్రెలోర్ చేస్తున్నాడు, డాక్టర్ సహచరి సారా జేన్ పాత్రను ఎలిజబెత్ స్లేడెన్ కూతురు సేడీ మిల్లర్, రెండో డాక్టర్‌ను ప్యాట్రిక్ ట్రౌటన్ కొడుకు మైకేల్ ట్రౌటన్ చేశారు. ఇక్కడ రివ్యూలు దాదాపుగా పోలికనే కొలుస్తాయి, అచ్చం అలాగే ఉందా లేదా అని. అది మిమిక్రీ పోటీలో అడగాల్సిన ప్రశ్న. పోలిక మొదటి ఐదు నిమిషాలు పనికొస్తుంది, తర్వాత రెండు గంటలు ఆ మనిషి భయపడాలి, బాధపడాలి, కోపగించుకోవాలి. అచ్చం అలాగే ఉండి చలనం లేని గొంతు కన్నా, కాస్త తేడాగా ఉండి సన్నివేశంలో బతికే గొంతు ఎన్నో రెట్లు నయం. ట్రెలోర్ రెండో రకం, మొదట్లో కంగారు పెట్టినా వినగా వినగా ఆ కంగారు పోతుంది.

సౌండ్ డిజైన్ గురించి కూడా ‘బాగుంది’ అనే మాట సరిపోదు. నటులు స్టూడియోలో విడి విడి బూత్‌లలో నిలబడి చదువుతారు, అడుగుల చప్పుడు, తలుపు, గాలి, దూరం అన్నీ తర్వాత చేర్చేవే. ఇద్దరు ఒకే గదిలో ఉన్నట్టు అనిపించిందా, యుద్ధం జరుగుతున్నప్పుడు ఎవరు ఎవరిని కాల్చారో తెలిసిందా, సంగీతం డైలాగును మింగేసిందా, బస్సులో ఇయర్‌ఫోన్‌తో వింటే అర్థమవుతుందా? డాలెక్‌ల కథల్లో ఇది మరీ ముఖ్యం. 2005 నుంచి టీవీలోనూ ఆ గొంతులు ఇస్తున్నది నికొలస్ బ్రిగ్సే, ఒక్కో డాలెక్‌కు ఒక్కో స్వభావం తెప్పించగలడు. అయినా పదిమంది డాలెక్‌లు ఒకరితో ఒకరు వ్యూహం చర్చించుకునే సన్నివేశం పది నిమిషాలు సాగితే చెవులు అలసిపోతాయి, ఎంత అభిమానికైనా.

టీవీ రివ్యూకూ దీనికీ ఇంకో తేడా, డబ్బు. టీవీ ఎపిసోడ్ అందరూ ఒకే రాత్రి చూసేశారు, మర్నాడు దాని గురించి వాదించుకోవచ్చు. ఆడియో నాటకాన్ని ఒక్కొక్కరు ఒక్కో ఏడాది కొనుక్కుంటారు. ఇరవై ఏళ్ల కిందటి నాటకానికి కూడా ఇవాళ కొత్త శ్రోత ఉంటాడు, కాబట్టి స్పాయిలర్‌కు గడువు తీరడం అంటూ ఉండదు. 2003 మే నాటి ‘క్రియేచర్స్ ఆఫ్ బ్యూటీ’ లాంటిది ఉంది, అందులో కథ ముందువెనకలుగా నడుస్తుంది, అసలు మలుపు మొత్తం మనకు ఎవరూ కనిపించకపోవడం మీదే ఆధారపడి ఉంటుంది. దాన్ని గురించి ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పినా వినేవాడికి అన్యాయం చేసినట్టే. బాక్స్ సెట్లు వచ్చాక ఇంకో సమస్య చేరింది: గంట చొప్పున మూడు నాలుగు కథలు ఒకే పెట్టెలో, వాటిలో ఒకటి మేలైనది, రెండు ఫరవాలేదు, చివరిది తర్వాతి పెట్టెకు ముడి. మొత్తానికి కలిపి ఒక మార్కు వేయడం అర్థం లేని పని. ఏ కథ కోసం ఈ పెట్టె కొనాలి, అది ఒంటరిగా వింటే అర్థమవుతుందా, ఈ రెండూ చెబితే చాలు.

ఆడియో ఎంత భిన్నమైనదో పరీక్షించుకోవడానికి ఈ సీరియల్ ఒక చక్కటి జంటను ఇచ్చింది. షియర్‌మన్ 2003 జనవరిలో ‘జూబిలీ’ రాశాడు: డాలెక్‌లను ఓడించి వందేళ్లయిన సంబరాలు జరుపుకుంటున్న ఒక మారిపోయిన ఇంగ్లండ్, లండన్ టవర్‌లో బందీగా ఉన్న ఒకే ఒక్క డాలెక్. ఆ బీజంతోనే ఆయన 2005 ఏప్రిల్ 30న ప్రసారమైన టీవీ ఎపిసోడ్ ‘డాలెక్’ రాశాడు. టీవీలో కథంతా మొహాల మీద నడుస్తుంది. గొలుసులతో కట్టేసిన డాలెక్‌ను చూసి డాక్టర్‌గా చేసిన క్రిస్టఫర్ ఎకల్‌స్టన్ కళ్లలో వచ్చే భయం, అసహ్యం, ముప్పావు గంటలో బిగుతుగా చెప్పేసిన పని. ‘జూబిలీ’ దానికి దాదాపు మూడింతలు ఉంటుంది, ఆ దేశమే ఎలా డాలెక్‌లా మారిపోయిందో చెబుతుంది, మధ్యలో ఎవలిన్, ఆ డాలెక్ చీకటి గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ సంభాషణలో డాలెక్ ఆకారం మెల్లగా మరుపున పడుతుంది, ఆజ్ఞలిచ్చేవాళ్లు లేక ఏం చేయాలో తెలియని ఒక జీవి మిగులుతుంది. టీవీలో ఆ ఇనుప పెట్టె కళ్లముందు నుంచి పోదు కాబట్టి ఆ మరుపు అక్కడ కుదరదు. ఒకే రచయిత, ఒకే ఆలోచన, రెండు మాధ్యమాలు. ఆడియో రివ్యూలు రాయాలనుకునేవాళ్లు ఈ రెండూ వెంటవెంటనే, ముందు ‘జూబిలీ’, తర్వాత ‘డాలెక్’, ఆ వరుసలోనే వినీ చూసీ మొదలుపెట్టడం మంచిది. కొత్తగా వినాలనుకునే శ్రోతకైతే ‘స్పేర్ పార్ట్స్’, దాని తర్వాత ‘ది చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’, ఈ రెంటికీ ముందు ఏ ఎపిసోడూ చూసి ఉండక్కర్లేదు.